పదకొండో అంకె

పామిడి దారిలో రైలు గేటు పడింది. ఆటో ఆపి డ్రైవరు బీడీ ముట్టించుకున్నాడు. ముందు వాసన వచ్చింది, ఆ తర్వాత చప్పుడు. వేడెక్కిన బ్రేకు ఇనుము మీద సిమెంటు దుమ్ము మాడితే వచ్చే వాసన అది. తెలియనివాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అది తగిలిందంటే మడమలు నొప్పి పెడతాయి. గూడ్సు బండి నింపాదిగా పోతోంది. ఒక్కో వ్యాగన్ పక్కన తెల్లరంగుతో రాసిన పదకొండు అంకెల నంబరు. చదవాలని నేననుకోలేదు. కళ్ళు వాటంతటవే చదివాయి, బుర్ర దానంతటదే కూడింది. చివర సున్నా వచ్చింది. మరుసటి వ్యాగన్‌కూ సున్నా, ఆ మరుసటిదానికీ సున్నా. గార్డు పెట్టె దాటిపోయి గేటు లేచాక డ్రైవరు నన్ను వింతగా చూశాడు. "ఏంది మేడమ్, అప్పట్నుంచీ పెదాలు కదిలిస్తాండావు? దేవుని మంత్రమా?" అన్నాడు. అలాంటిదేలే, పోనీ అన్నాను.

ఆ మంత్రం నాకు నేర్పిన మనిషి పేరు ఓబులేసు. మా యార్డులో అందరికీ ఓబులేసు సారు. యాడికి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు ఖాళీ వ్యాగన్లు పోయే, నిండువి వచ్చే యార్డు మాది. పట్టాల పనిలో ఉన్న నా భర్త పోయాక, దయతలచి ఇచ్చే ఉద్యోగం కింద నన్ను అక్కడ నంబర్ టేకరుగా వేశారు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, ఒడిలో మూడేళ్ళ పాప. నంబర్ టేకరంటే పెద్ద హోదా ఏమీ కాదు. వచ్చిన ప్రతి గూడ్సు బండి పక్కన ఈ కొస నుంచి ఆ కొసకు కంకర మీద నడిచి, వ్యాగన్ల నంబర్లన్నీ పుస్తకంలోకి ఎక్కించాలి. అరవై వ్యాగన్లకు కాస్త తక్కువగా ఉండేది ఒక్కో బండి. ఒక షిఫ్టులో నాలుగైదు బండ్లు. నీడ అంటే వ్యాగన్ నీడే, అదీ మిట్టమధ్యాహ్నం ఉండదు. రెండేళ్ళు పనితీరు చూసి, తప్పులు లేకపోతేనే ఉద్యోగం ఖాయం చేస్తామని మొదటిరోజే చెప్పారు. అందులో ఇరవై నెలలు నేను ఓబులేసు సారు వెనకాలే నడిచాను.

మొదటిరోజు జ్ఞాపకం ఉంది. నన్ను చదవమని, ఆయన పుస్తకం పట్టుకొని పక్కన నిలబడ్డారు. చూపు మాత్రం వ్యాగన్ మీద లేదు, దూరంగా నల్లగుట్టల వైపుంది. నేను గట్టిగా, బడిపిల్ల మాదిరి, పదకొండు అంకెలూ చదివాను. "తప్పు. మళ్ళా చదువు," అన్నారు. తల తిప్పి చూడనైనా చూడలేదు. నాకు ఒళ్ళు మండింది. ఎండ ఒకవైపు, ఈయన పెత్తనం ఒకవైపు. అయినా దగ్గరికి పోయి తుప్పు గీకి చూశాను. నేను మూడు అనుకున్నది ఎనిమిది.

"మీరు చూడకుండానే ఎట్లా చెప్పారు సార్?" అన్నాను.

"నేను చూసేదేముండాది పాపా? చివరి అంకె చెప్తాది," అన్నారాయన.

ఆ లెక్క ఏమిటో అప్పుడే కంకర మీద కూర్చోబెట్టి చెప్పారు. మొదటి పది అంకెలూ వ్యాగన్ గురించి చెబుతాయి: ఏ రకం, ఎవరిది, ఏ ఏడు తయారైంది, వరసలో ఎన్నోది. పదకొండో అంకె వ్యాగన్ గురించి ఏమీ చెప్పదు. మిగిలిన పదింటికీ కాపలా కాస్తుంది, అంతే. రెండో, నాలుగో, ఆరో, ఎనిమిదో, పదో అంకెలు కూడి మూడింతలు చేయాలి. తక్కినవి ఉన్నవి ఉన్నట్టు కలపాలి. పదకొండోదీ కలిపితే మొత్తం సున్నాతో ముగియాలి. ముగియకపోతే చదవడంలోనో రాయడంలోనో తప్పు జరిగినట్టే. నేను పదో తరగతి లెక్కల్లో గట్టెక్కానంటే అది మా పంతులమ్మ చలవ. అలాంటి నాకు ఈ సంగతి పట్టుబడటానికి వారం పట్టింది, వేగంగా చేయడానికి ఆరు నెలలు పట్టింది. సారు మాత్రం నేను పదకొండో అంకె పలికేలోపే కూడిక ముగించేవారు.

ఆయన ఆ నంబర్లను నంబర్లుగా చూసేవారు కాదు. అందరం ముక్కలు ముక్కలుగా, రెండేసి అంకెలుగా చదువుకుంటాం. ఆయన మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు ఒక నంబరు ఎత్తుకొని మొత్తంగా చదివేవారు: "మూడు వేల నూట నాలుగు కోట్ల పదకొండు లక్షల నలభై రెండు వేల..." అని, నోట్లో రాగిముద్ద పెట్టుకొనే. "ఇంత పెద్ద సంఖ్యకు నీతి ఉండాది చూడు పాపా. యాడన్నా ఒక్క అంకె మార్చు, మొత్తం చెడిపోతాది. ఏ అంకెనైనా సరే, దేనికైనా మార్చు. ఒక్కటి మారితే దాగదు. అందుకే ఏ రెండు వ్యాగన్ల మధ్యా ఒకే ఒక్క అంకె తేడా ఉండదు. కనీసం రెండైనా ఉండాల్సిందే." నాకు ఆవలింత వచ్చేది. మా వీధికి నీళ్ళ ట్యాంకరు వారానికి రెండుసార్లు వచ్చేది, వచ్చినప్పుడు బిందెలు పెట్టేవాళ్ళు లేకపోతే ఆ మూడురోజులూ అంతే సంగతులు. నా బుర్ర ఎప్పుడూ ఆ బిందెల దగ్గరే ఉండేది.

ఒకరోజు చేయి కడుక్కుంటూ అన్నారు: "కాపలా కుక్క ఎంత మంచిదైనా ఒక దొంగను ఇడిసిపెడతాది. ఈ అంకె కూడా ఒక తప్పును పట్టల్యాదు. ఏందో నువ్వే కనుక్కోని చెప్పు. నేను చెప్తే నీకు గుర్తుండదు."

సరే సార్ అన్నాను. అప్పుడప్పుడూ అడిగేవారు, "తేలిందా పాపా?" అని. ఇంకా లేదు సార్, చూస్తున్నా అనేదాన్ని. నిజానికి నేను ఒక్కరోజు కూడా చూడలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కూర్చుని కాగితం మీద పావుగంట గీసుకుంటే తేలే లెక్క అది. ఒళ్ళు అలిసిపోయి ఇంటికి చేరిన మనిషికి ఆ పావుగంట ఉండదని అప్పుడు నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

ఆయన కళ్ళ సంగతి నాకు ఏడాది నిండాక తెలిసింది. టీ గ్లాసు అందుకోబోయి పక్కనున్న గాలిని పట్టుకున్నారు. ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. నంబరు దగ్గరికి పోయి దుమ్ము తుడిచినట్టు అరచేత్తో తడిమేవారు. ఒంటరిగా ఉన్నప్పుడు ముక్కు వ్యాగన్‌కు ఆనించి చదివి, కూడి, తప్పొస్తే మళ్ళీ చదివేవారు. మూడును ఎనిమిదిగా, ఒకటిని ఏడుగా చూసినా ఆయన పుస్తకంలో తప్పు పడేది కాదు. కళ్ళు ఎక్కడ మోసం చేసినా చివరి అంకె పట్టిచ్చేది. మొదటిరోజు నన్నెందుకు చదవమన్నారో, తానెందుకు గుట్టల వైపు చూశారో అప్పుడు అర్థమైంది. ఉండబట్టలేక అడిగేశాను.

"షుగరు పాపా. కళ్ళ నరాలు పోయినాయంట. అద్దాలకు లొంగేది కాదన్నారు," అన్నారు. "పైవాళ్ళకు తెలిస్తే పరీక్షకు పంపి, ఆఫీసులో కుర్చీలో కూచోబెడతారు. ఇంటికాడ ఎట్లాగూ కూచునేదే. మూడు బోర్లు ఏసినా, మూడూ ఎండిపాయ. సేను బీడు పడుండాది. ఈడ నడిచినంతసేపే నేను మనిషిని. ఇంకా పదకొండు నెలలు. గమ్మునుండు."

గమ్మునే ఉన్నాను. నా కళ్ళు, ఆయన కూడిక. నేను చదవడం, ఆయన విని రాయడం. మా పుస్తకంలో కొట్టివేత ఉండేది కాదు. ఇద్దరు మనుషులు కలిస్తే గాని ఒక నంబర్ టేకరు కాలేని పరిస్థితి మాది, ఆ సంగతి యార్డులో ఎవరికీ తెలియదు.

ఆరోజు మే నెల ఎండ. పట్టాల మీద గాలి వణుకుతోంది. ఖాళీ బండి ఒకటి వచ్చింది, సాయంత్రంలోగా ఫ్యాక్టరీకి పోవాలి. పొద్దున్నే మేమిద్దరం ఎప్పటిలాగే నడిచి జాబితా రాశాం. పన్నెండింటికి సారుకు షుగరు పడిపోయి కళ్ళు తిరిగాయి. గదిలో బల్ల మీద పడుకోబెట్టి, బెల్లం ముక్క నోట్లో పెట్టి బయటికి వచ్చాను. అదే సమయానికి వ్యాగన్లు పరీక్షించే బాషా అన్న చేతిలో సుత్తితో, రెండు లైన్ల బండ్ల మధ్య సందులో, వ్యాగన్ కింద నుంచి లేచి నన్ను కేకేశాడు.

"మ్మా, స్ప్రింగు ఇరిగింది, సక్రం కాడ పగులు కూడా ఉండాది. ఈ వ్యాగన్ పోగూడదు, ఇడదీయాల. నంబరు రాసి యార్డు మాస్టరుకు ఇయ్యి. నన్ను ఆ పక్క లైనుకు పిలుస్తాండారు, ఆడ ఒక వ్యాగన్ పట్టా దిగిందంట," అని సుద్దముక్కతో ఒక గీత గీసి వెళ్ళిపోయాడు. ప్రతి వ్యాగన్ మీదా అలాంటి పాత గీతలు పదుంటాయి. అది ఎన్నో వ్యాగనో నేను లెక్కపెట్టుకోలేదు. నేను కాగితం తీసి నంబరు చూశాను. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. పక్కింటామె. ట్యాంకరు వచ్చింది, బిందెలు యాడ పెట్టినావని అరుస్తోంది. వంటింటి తలుపు వెనక అని చెబుతూనే రాశాను. రాసిన అంకెలు కూడి చూశాను. సున్నా వచ్చింది. నాకు నేనే భేష్ అనుకొని కాగితం ఇచ్చి వచ్చాను.

రెండు గంటలకు ఇంజను తగిలించారు. చెడిన వ్యాగన్‌ను విడదీయడానికి పోయిన మనుషులు కొస నుంచి కొస దాకా తిరిగి, ఆ నంబరు బండిలోనే లేదన్నారు. యార్డు మాస్టరు జాబితా తిరగేశాడు. జాబితాలోనూ లేదు. బాషా అన్న ఫోను ఎత్తడం లేదు. పైనుంచి కంట్రోలు వాళ్ళు బండి ఎందుకు ఆపారని ఒకటే గోల. ఆయన నావైపు తిరిగి, "నంబరు తప్పు రాసినావా ఏంది?" అని అడిగాడు.

"తప్పు కాదు సార్. కూడి చూశాను. సున్నా వచ్చింది," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఈ బండిలో లేదంటే ఆ సందులో బాషా అన్న చూపించింది పక్క లైను బండి అయ్యుంటుంది," అని కూడా అన్నాను.

అంత గట్టిగా చెప్పేసరికి ఆయన నమ్మాడు. పోనిమ్మని చెప్పడానికి ఫోను అందుకున్నాడు. ఆ ఫ్యాక్టరీ లైను పది కిలోమీటర్లు, దాని కంటే ముందు ప్రయాణికుల బండ్లు తిరిగే పట్టాల మీద నలభై కిలోమీటర్లు పోవాలి. విరిగిన స్ప్రింగుతో, పగిలిన చక్రంతో.

అప్పుడు ఓబులేసు సారు గోడ పట్టుకొని గది నుంచి బయటికి వచ్చారు. లోపల పడుకొనే అంతా విన్నట్టున్నారు. "ఒక్క నిమిషం ఆగప్పా," అని యార్డు మాస్టరుతో అని, నాతో, "చదువు," అన్నారు.

చదివాను. మూడు, ఒకటి, సున్నా, నాలుగు, ఒకటి, ఒకటి, నాలుగు, ఏడు, రెండు, ఎనిమిది, ఏడు.

ఆయన కళ్ళు మూసుకున్నారు. "సున్నానే వస్తాది," అన్నారు. "సున్నా వచ్చి కూడా నంబరు లేదంటే, అది అంకె పట్టల్యాని తప్పు. పక్కపక్కనుండే రెండు అంకెలు తారుమారు కావాల, వాటి మధ్య తేడా ఐదు కావాల. ఇందులో అట్లాంటి జత ఒకటే ఉండాది. ఏడూ రెండూ. ఏడును మూడింతలు చేసి రెండు కలిపితే ఇరవై మూడు. రెండును మూడింతలు చేసి ఏడు కలిపితే పదమూడు. చివర మూడే కదా, ఎట్ల పట్టుకుంటాది? తిప్పి సూడండి. నలభై రెండు డెబ్బై ఎనిమిది, చివర ఏడు. జాబితాలో ఉండాదా?"

ఉంది. ఇంజను నుంచి ముప్పై ఏడోది. మనుషులు పరుగెత్తారు. టార్చి వేసి కిందికి చూసినవాడు అక్కడి నుంచే చేతులూపాడు. స్ప్రింగు రెండు ముక్కలై ఉంది. ఆ వ్యాగన్‌ను విడదీసి, బండి గంట ఆలస్యంగా పోయింది. నేను నీళ్ళ కుండ దగ్గర కూర్చున్నాను. దాహం వేసింది గాని లేచి గ్లాసు ముంచుకునే ఓపిక లేకపోయింది.

బండి ఆలస్యమైతే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. మూడోరోజు విచారణకు ఒక అధికారి వచ్చాడు, బాషా అన్నను పిలవనే లేదు. నా రెండేళ్ళు నిండటానికి ఇంకా నాలుగు నెలలున్నాయి. ఉద్యోగం పోతే పాపను తీసుకొని ఎక్కడికి పోవాలో రెండురోజులుగా ఆలోచిస్తూనే ఉన్నాను, ఏ దారీ తోచలేదు. అధికారి కాగితం చూపించి, ఈ నంబరు ఎవరు చదివారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే సారు లేచారు.

"నేనే సార్. నేను చదివి చెప్పినా, ఆ పాప రాసింది. నాకు కండ్లు సరిగా అగుపడవు. ఏడాది పైనే అయింది. చెప్పకుండా దాచిపెట్టినా."

అధికారి గోడ మీది క్యాలెండరు చూపించి తేదీ చదవమన్నాడు. సారు అటు చూసి, చదవలేను సార్ అన్నారు. గదిలో అందరూ నిజమేనన్నట్టు తలలూపారు. అంతవరకూ గమనించనివన్నీ అప్పుడు ఒక్కొక్కరికీ గుర్తుకొచ్చాయి. నేను మాట్లాడలేదు. మాట్లాడాలని ఉందా అంటే, లేదు. బతికిపోయాననిపించింది. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. చూపు మందగించడం వల్ల అంకెలు తప్పుగా చదివారని రాసి, నాతో సాక్షి సంతకం కూడా పెట్టించారు. నా చేయి వణకలేదు. అది కూడా చెప్పాలి.

ఆయనను పరీక్షకు పంపి, గుంతకల్లులో ఒక ఆఫీసులో కుర్చీలో కూచోబెట్టారు. నా ఉద్యోగం ఖాయమైంది. కాగితం వచ్చిన రోజు పాలకోవా తీసుకొని చూడటానికి వెళ్ళాను. షుగరు మనిషికి పాలకోవా ఏమిటని దారిలో తట్టింది గాని అప్పటికే కొనేశాను. కిటికీ పక్కన, పాత ఫారాల కట్టల మధ్య కూర్చొని ఉన్నారు. కాళ్ళకు చెప్పుల్లేవు. నడక లేక పాదాలు ఉబ్బాయన్నారు. గొంతు విని నన్ను గుర్తుపట్టారు.

"ఎందుకట్లా చెప్పారు సార్?" అన్నాను. "కంటి తప్పయితే ఆ అంకె పట్టుకునేదే కదా. ఒకటిని ఏడుగా చూస్తాం, మూడును ఎనిమిదిగా చూస్తాం. కళ్ళు రెండు అంకెల్ని తారుమారు చెయ్యవు. ధ్యాస లేని మనిషే అట్లా రాసేది. కూడి చూస్తే మీది అబద్ధమని ఎవరికైనా తెలుస్తుంది."

ఆయన నవ్వారు. చాలాసేపు నవ్వారు. "ఇప్పటికి తేలిందా పాపా నీ లెక్క!" అన్నారు. తర్వాత కోవా పొట్లం నావైపు జరిపి, "వాళ్ళు కూడరు. అంత పట్టి చూసేవాళ్ళే అయితే నా కండ్లు ఏడాది ముందే బయటపడేవి. ఇది నీ బిడ్డకు తీసకపో," అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను చేసింది ఒక్కటే. టిక్కెట్టు వెనక ఐదు తేడా ఉన్న జతలన్నీ రాసుకున్నాను. సున్నా ఐదు, ఒకటి ఆరు, రెండు ఏడు, మూడు ఎనిమిది, నాలుగు తొమ్మిది. ఐదే జతలు. ఏడాది పాటు ఆయన నన్నడిగింది ఇంతే. ఆ పావుగంట నేను ముందే వెచ్చించి ఉంటే, ఆయన మిగిలిన నెలలూ కంకర మీద నడిచి, తన కాళ్ళతో తాను బయటికి పోయేవారు.

పదవీ విరమణ అయిన మూడేళ్ళకు పోయారు. కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు నంబర్ టేకర్లు నడవరు. వ్యాగన్‌కే ఏదో చీటీ అతికిస్తారు, పట్టా పక్కనున్న యంత్రం చదువుతుంది. నేను అనంతపురంలో కుర్చీలో కూర్చొని కంప్యూటరులోకి వచ్చినవి సరిచూస్తాను. కొత్తగా చేరిన పిల్లలు, "సిస్టం ఒప్పుకుంది మేడమ్, కరెక్టే," అంటారు. సిస్టం ఒప్పుకుంటే చాలదు, ఐదు తేడా జత ఉంటే రెండోసారి చదవండి అంటాను. ఈమెకు చాదస్తమని నవ్వుకుంటారు. ఎందుకో చెప్పడానికి నాకు నోరు రాదు.

ఆ విచారణ కాగితం ఇంకా ఏదో బీరువాలో ఉండే ఉంటుంది. అందులో ఆయన చూపు గురించి రాసిన మాట ఉంది, దాని కిందనే నేను రాసిన నంబరూ ఉంది, నా సంతకమూ ఉంది. పైమాట అబద్ధమని ఆ పదకొండు అంకెలే చెబుతాయి, కూడే ఓపిక ఉన్నవాళ్ళకు. చాలా ఏళ్ళు, ఎవరూ కూడకుండా ఉంటే చాలు దేవుడా అనుకున్నాను. ఈమధ్య, గేటు పడి గూడ్సు బండి పోతున్నప్పుడల్లా, ఎవరైనా ఒక్కరు కూడితే బాగుండుననిపిస్తోంది.